రాసినవారు లేవండి

కార్యదర్శి కవరు చింపగానే, వెనక వరసలో కళ్ళజోళ్ళాయన తలుపు వైపు చూశాడు.

దర్జీ కొట్టు మీది గదిలో నెలకోసారి కూడే ఆ సాహితీ సంఘం మొదట్లో రెండుసార్లు చీలింది. ఎవరి స్నేహితుల్ని వాళ్ళు ఆకాశానికెత్తడమే కారణం. అప్పుడు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. కథని, రాసినవారి పేరు లేకుండా, కవర్లో పెట్టి డబ్బాలో వేయాలి. కార్యదర్శి చదువుతాడు. అందరూ అనాల్సినవి అన్నాక, రాసినవారు లేచి నిలబడాలి.

అనడంలో, ఏ కథనైనా కత్తిరించి పారేసే కత్తెరమ్మ తర్వాతే ఎవరైనా. తను మాత్రం ఏనాడూ ఒక్క కథ ఇచ్చింది లేదు. ఆవిడ నోట పడ్డ బ్యాంకు గుమాస్తా రాయడం మానేసి, వినడానికి మాత్రం వస్తున్నాడు. డ్రిల్లు మాస్టారు ఆవిడ ఎదురైతే సందు మారతాడు. అలాంటి మనిషి ముందు వరసలో కూర్చుంది. పైగా ఆవిడ కళ్ళజోళ్ళాయన భార్య.

ఆ కవర్లోవి ఆయన తన కళ్ళజోళ్ళ కొట్లో బేరం లేనప్పుడల్లా, ఫ్రేముల పెట్టెల చాటున కూర్చుని రాసిన కాగితాలు. ఆవిడకి చెప్పలేదు. పోయిన నెల అటక దులపకపోతే అసలీ బుద్ధే పుట్టేది కాదు. ఇప్పుడు పారిపోదామంటే తలుపు ఆవిడ పక్కనే ఉంది. ఇంటికెళ్ళాక ఆవిడ తనతో మళ్ళీ మాట్లాడుతుందా?

కథలో ఒక అమ్మాయి ఇల్లు వదిలి, పెట్టె పట్టుకుని బస్టాండులో నిలబడింది. బస్సు వచ్చింది. కాగితాలు అక్కడితో అయిపోయాయి. కార్యదర్శి చదవడం ఆపాడు.

"మీరు చెప్పండమ్మా," అన్నాడు అధ్యక్షుడు, అలవాటుగా కత్తెరమ్మ వైపు తిరిగి.

ఆవిడ కార్యదర్శి వైపు చెయ్యి చాపింది. తిట్టినా ఇంత భయం వేసేది కాదు ఆయనకి.

"ఆ కాగితాలు ఒకసారి ఇటివ్వండి."

ఇవ్వకూడదు. కానీ ఆవిడకి ఎదురు చెప్పేదెవరు? కార్యదర్శి ఇచ్చేశాడు. ఆవిడ కాగితాలు తిప్పలేదు. పైనున్నదాని మీది చేతిరాతనే చూస్తూ ఉండిపోయింది. దొరికిపోయాననుకున్నాడు కళ్ళజోళ్ళాయన.

"ఇది ఇక్కడితో అయిపోదు," అంది చివరికి. "ఆ పిల్ల బస్సెక్కదు. తిరిగొచ్చి, తలుపు కొట్టకుండా మెట్ల మీద కూర్చుంటుంది. ఆ ముక్క లేకపోతే ఇదంతా దండగ."

"పాపం, ఎవరో గానీ ఇక కలం ముట్టరు," అని గొణిగాడు పక్కనున్న గుమాస్తా.

కళ్ళజోళ్ళాయన వినిపించుకోలేదు. చివర ఏదో తగ్గిందని ఆయనకీ అనిపించింది. అటకంతా ఎంత వెతికినా ఆ చివరి కాగితం దొరకలేదు.

"రాసినవారు లేవండి," అన్నాడు అధ్యక్షుడు.

ఆయన లేవలేదు. కుర్చీ అంచు పట్టుకుని, తల దించుకున్నాడు. ఎవరూ కదల్లేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు ముందు వరసలో కత్తెరమ్మ కళ్ళజోడు తీసి, తడి తుడుచుకుని, లేచి నిలబడింది.