దీవెన కంప్యూటర్

"ఇది కూడా కాదు డాడీ," అంది క్రిస్టినా.

జాన్‌బాబు కీబోర్డును ముందుకు తోసేశాడు. కూతురి పేరు కొట్టాడు. కాదంది. పెళ్లిరోజు కొట్టాడు. కాదంది. పుట్టినూరు కంకిపాడు, చర్చి పేరు, ఆఖరికి యేసు ప్రభువు పేరు. దేనికీ ఆ కంప్యూటర్ తెరుచుకోలేదు. అడుగుదామంటే దీవెన లేదు. ఆమెని సమాధుల తోటలో పెట్టి నెల కావస్తోంది.

సాయంత్రం ఆమె జ్ఞాపకార్థ కూడిక.

సండేస్కూల్ పిల్లల కోసం దీవెన పాటలు పాడి రికార్డు చేసేది. ఇంట్లో గోలెక్కువని, మధ్యాహ్నం అన్నాల వేళ ఆఫీసు తలుపులు మూసుకుని పాడేది. అవన్నీ ఈ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఆమె ఫోను ఆసుపత్రిలో పోయింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

"ఒక్క పాట చాలు డాడీ. కూడికలో వినిపిస్తానని అమ్మమ్మకి మాటిచ్చాను."

"పాస్‌వర్డ్ చెప్పకుండా పోయిందిగా మీ అమ్మ! మొగుడి దగ్గర కూడా దాపరికమే."

"నేనడిగాను. ఆసుపత్రిలో. 'మీ డాడీకి తెలుసులే' అంది."

"నాకేం తెలుసు? నాకెప్పుడు చెప్పింది?"

అయినా ఆ మాట పట్టుకుని చిన్న ఆశ పుట్టింది. తన పేరు కొట్టి చూశాడు. అదీ కాదు.

గవర్నరుపేటలో జాన్‌బాబుది పన్ను లెక్కల ఆఫీసు. ఒకప్పుడు రుచిత అనే అమ్మాయి ఎంట్రీలు చేసేది. పెళ్లి కుదిరి చల్లపల్లి వెళ్లిపోయింది. ఆ మర్నాడే దీవెన బడి ఉద్యోగం మానేసి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. "మళ్లీ పరాయి మనిషెందుకు, నేను చేస్తాను," అంది. అంతే అంది. అప్పట్నుంచీ రోజూ అందరికంటే ముందొచ్చేది. కంప్యూటర్ ఆన్ చేసి, పాస్‌వర్డ్ కొట్టి, కాసేపు కళ్లు మూసుకుని కూర్చునేది. ప్రార్థన చేసుకుంటోందని ఆఫీసులో అందరూ అనుకునేవాళ్లు. జాన్‌బాబూ అలాగే అనుకున్నాడు.

కంప్యూటర్లు చూసే సాయిగణేష్ హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చాడు.

"కంగారు పడకండి సార్. మీ ఆఫీసులో నిజం కంప్యూటర్ ఒక్కటే, ఆ మూలనున్న పెద్దది. మిగతావన్నీ దాని లోపలున్న ఉత్తుత్తి కంప్యూటర్లు. ఒక్కోదాని సరుకంతా ఒక్కో డిస్కు ఫైల్లో ఉంటుంది. మేడమ్ డిస్కుకి కాపీ తీసి, వేరే పేరు పెట్టి, మీ కంప్యూటర్‌కి తగిలిస్తాను. మీ గదిలో ఇంకో బీరువా పెట్టినట్టు."

"తాళం అడగదా?"

"చాలావరకు అడగదు సార్."

కాపీ తీశాడు. పేరు మార్చాడు. తగిలించాడు.

అడిగింది.

సాయిగణేష్ పెదవి విరిచాడు. "డిస్కు మొత్తానికే తాళం ఉంది సార్. ఇక దీనికి ఏ పేరు పెట్టినా, ఎక్కడ తగిలించినా తాళం దాంతోనే వస్తుంది. మేడమ్ గట్టివారే."

"గట్టిదే," అన్నాడు జాన్‌బాబు. "లోపల ఏం దాచుకుందో మరి."

"డాడీ! ఇవాళ కూడానా?"

సాయిగణేష్ తెరకి దగ్గరగా వంగాడు. ఏదో చదివాడు. మళ్లీ చదివాడు.

"సార్, ఇది మేడమ్ కోసం చేసిన డిస్కు కాదు. ఫైలు మీద పేరే మేడమ్‌ది. లోపల రాసున్న పేరు మీది. మీ పాత డిస్కుకే పేరు మార్చి మేడమ్‌కి ఇచ్చారు. తాళం కూడా మీరు వేసిందే అయ్యుంటుంది."



జాన్‌బాబుకి గుర్తొచ్చింది. దీవెన ఆఫీసుకొచ్చినప్పుడే తను కొత్తది చేయించుకున్నాడు. పాతది పారేయడమెందుకని, తన ఫైళ్లు తుడిచేసి, పేరు మార్చి దీవెనకిచ్చాడు. మొదటిరోజు తనే వంగి, కీబోర్డుకి చెయ్యి అడ్డం పెట్టుకుని పాస్‌వర్డ్ కొట్టాడు. "రేపు మార్చి ఇస్తాలే," అన్నాడు. మార్చలేదు. మర్నాడు దీవెన అడగలేదు. ఆ తర్వాత కూడా ఏనాడూ అడగలేదు. రోజూ ఎలా తెరుస్తోందో అతనూ ఆలోచించలేదు.

"గుర్తుందా సార్?"

జాన్‌బాబు కూతురి వైపు తిరిగాడు.

"క్రిస్టినా, కిందికెళ్లి టీ చెప్పి రా తల్లీ."

"ఇప్పుడు టీ ఎవరిక్కావాలి డాడీ? అమ్మ గొంతు ముందు నేను వినాలి." కుర్చీ ఇంకా దగ్గరికి లాక్కుంది. ఆమె చూపు కీబోర్డు మీదే ఉంది.

"ఇంకో దారేం లేదా గణేష్?"

"లేదు సార్. కొట్టండి, ఏముంది? మీదేగా."

గుర్తులేదని చెబుదామనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. కూతురు అతని మోచెయ్యి పట్టుకుంది.

"ప్లీజ్ డాడీ. ఒక్క పాట."

జాన్‌బాబుకి ఒంటివేలితో కొట్టడమే వచ్చు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

డిస్కు తెరుచుకుంది. సాయిగణేష్ గబగబా వెతికి ఒక ఫైలు నొక్కాడు. దీవెన గొంతు సవరించుకుంది. పాట ఎత్తుకుంది.

క్రిస్టినా పాట వినడం లేదు. తండ్రి వేలు వెతికి వెతికి నొక్కిన అక్షరాల్ని పెదవులతో కూడబలుక్కుంటోంది: రుచిత.