మహారాణి మేత

“దీని మేత దీనికి అందడం లేదు. మధ్యలో ఎవరో తినేస్తున్నారు,” అన్నాడు పశువుల డాక్టరు, గుర్రం పక్కటెముకలు చేత్తో తడుముతూ.

మహారాణి పగ్గం పట్టుకున్న గుర్రాల కాపరి దాన్ని కాస్త దగ్గరికి లాక్కున్నాడు.

మహారాణి మామూలు గుర్రం కాదు. కాలు విరిగేదాకా పందేల్లో గెలిచింది. ఇప్పుడు చూడితో ఉంది. దాని కడుపున పుట్టబోయే పిల్ల మీద ఆ గుర్రపుశాలలో అందరి కళ్లూ ఉన్నాయి.

“నేను చెప్పినట్టు పెడితే ఈపాటికి నున్నగా నిగనిగలాడాలి. వెన్నుపూస ఎందుకు తేలుతోందయ్యా?”

కాపరి గుర్రం వీపు మీది గడ్డిపరకలు దులిపాడు.

పక్కనే ఉన్న శాల యజమాని కాపరి వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచని రోజే భయపడాలి.

“వచ్చేవారం డాక్టరుగారు మళ్లీ వస్తారు. ఈలోగా దొంగ దొరకాలి. లేదంటే గది ఖాళీ చేసి, తాళం నా బల్ల మీద పెట్టి వెళ్లిపో.”

శాల వెనకున్న ఆ ఒక్క గది తప్ప కాపరికి తల దాచుకునే చోటు లేదు.

“వాడెవడో దొరకనీ, చేతులు విరిచి పొయ్యిలో పెడతా,” అన్నాడు ఆ సాయంత్రం, భార్య తన ముందు పెట్టిన గిన్నెలో చెయ్యి పెడుతూ. “మగ గుర్రంతో కట్టించడానికి మూడు నెలల ముందు నుంచే మేపాం దాన్ని. ఒంట్లో రక్తం ఉంటేనే కడుపు నిలుస్తుందట. నిలిచాక ఇక చెప్పేదేముంది! నోరు ఒకటి, కడుపులు రెండు.”

“ఏమేం పెట్టమన్నాడయ్యా డాక్టరు?” అడిగింది భార్య.

“నానబెట్టిన శనగలు, బెల్లం, గుడ్లు, పచ్చిగడ్డి. ఎముకలకో మందు, రక్తానికో మందు. బరువు లాగించకూడదు. గట్టిగా అదిలించనైనా కూడదు. దాన్ని బెదరగొడితే పిల్లకి తగులుతుందన్నాడు.”

“పెట్టి పుట్టింది,” అంది భార్య.

“మరి? మహారాణి అని ఊరికే పేరు పెట్టారా!”

నవ్వుతూ గిన్నె అడుగు దాకా ఊడ్చి, చెయ్యి కడుక్కున్నాడు. “మోటారు మళ్లీ పాడైంది. పొద్దున్నే బావి నుంచి మోసుకొచ్చి దాని నీళ్లతొట్టి నింపు. వంగినప్పుడు జాగ్రత్త, బిందె దాని పొట్టకి తగిలేను.”

కాపరి అనుమానమంతా శాల గేటు కాపలాదారు మీదే. ఆ మనిషి కంటే అతని బొజ్జ ముందు గేటు దాటుతుంది.

“ఏం బావా, ఎన్నో నెల?” అన్నాడు మర్నాడు, బొజ్జ వైపు చూస్తూ.

“నీ నోట్లో నా చెప్పు! ఇది మా ఆవిడ చేతి చలవరా.”

“మా మహారాణి శనగల చలవేమో అనుకున్నాలే.”

కాపలాదారు నవ్వలేదు. మొహం గంటు పెట్టుకుని గేటు వైపు వెళ్లిపోయాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే! కాపరికి ఇక సందేహం లేదు.

మధ్యాహ్నం మేత పోశాక శాల సద్దుమణుగుతుంది. అందరూ నడుం వాల్చే వేళ. కాపరి కర్ర పట్టుకుని గడ్డిమోపుల వెనక నక్కాడు. మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజూ అంతే. ఈగలు తోలుకుంటూ, తుమ్ము వస్తే ముక్కు నలుపుకుంటూ కూర్చున్నాడు. డాక్టరు వచ్చే రోజు దగ్గరపడుతోంది. గది తాళం కళ్ల ముందు ఆడుతోంది.

ఆ మర్నాడు తలుపు కిర్రుమంది.

బరువైన అడుగులు. ఆగి ఆగి వస్తున్నాయి. మధ్యలో రొప్పు. గోడ మీద లావుపాటి నీడ తొట్టి వైపు వంగింది. శనగలు నములుతున్న చప్పుడు. అది గుర్రం నమిలే చప్పుడు కాదు.

రారా బొజ్జన్నా, రా! అనుకున్నాడు కాపరి.

ఒక్క గెంతు గెంతాడు. కర్ర పైకి లేచింది. రెండో చెయ్యి దొంగ మెడ పట్టుకోబోయింది. ఆ చేతికి జడ చిక్కింది.

తొట్టి పక్కన చతికిలబడి ఉన్నది అతని భార్య. నోటినిండా శనగలు. గుప్పిట్లో బెల్లం ముక్క. పైన మహారాణి బెదిరి సకిలిస్తోంది.

కాపరి ముందు గుర్రం మెడ నిమిరాడు. అది నెమ్మదించాకే ఇటు తిరిగాడు.

“నువ్వటే? ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటే ఏమో అనుకున్నా! ఊరంతా వెతుకుతుంటే నువ్వు ఇక్కడ మేస్తున్నావా? కడుపుతో ఉన్నదాని నోటి దగ్గర కూడు లాక్కోవడానికి చేతులెలా వచ్చాయే నీకు? ఆ పాపం ఊరికే పోతుందా?”

ఆమె నోట్లోవి గబగబా నమిలి మింగి, ఒక చెయ్యి తొట్టి అంచున ఆనించి, రెండో చెయ్యి నెలలు నిండిన తన కడుపు కింద పట్టుకుని, మెల్లగా లేచి నిలబడింది.