సోమవారం మారే మిషన్లు

ఏడో నంబరు కుట్టుమిషన్ కడుపులో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పుతూ దొరికిపోయాడు, నేల ఊడ్చే తాత.

"ఎవరు పంపారు నిన్ను?" అంది సంఘం కార్యదర్శి.

"ఎవరు పంపుతారు తల్లీ? నూనె లేక ఏడుస్తోంది. వేస్తున్నా."

ఆమెకు ఒళ్ళు మండింది. ఆ కుట్టు సంఘంలో పన్నెండు మిషన్లు. ఏదీ ఏ ఒక్కరిదీ కాదు. 'ఇది నాది' అన్న మాట పుట్టకూడదని ప్రతి సోమవారం మిషన్లు మారతారు. దిగేవాళ్ళు నూనె వేసి దిగాలి. ఆ నియమమంటే ఆమెకు ప్రాణం.

"మావాళ్ళు వేస్తారు."

"వచ్చేవారం తనది కాని మిషన్‌కి ఎవరు వేస్తారమ్మా? పదిమందిలో పాము చావదు. దిగేటప్పుడు కాదు, ఎక్కేటప్పుడు వేయించు."

"నీకు మనుషులంటే నమ్మకం లేదు తాతా. రేపట్నించి రావద్దు."

తాత చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

రెండు వారాలకు నాలుగోది బిగుసుకుపోయింది. మర్నాడు తొమ్మిదోది, ఏడోది. ఆసుపత్రికి పంపాల్సిన దుస్తులు సగంలో ఆగాయి.

"నా నెత్తినే పడాలా ఈ మొండిఘటం?" అంది ఏడో మిషన్ ముందు కూర్చున్నామె.

"నేనిచ్చినప్పుడు బానే ఉందమ్మా. నీ చేతి మహిమ," అంది పోయినవారం దాని మీద కుట్టినామె.

కటింగ్ మాస్టారు కత్తెర కింద పెట్టాడు. "ఎవరి మిషన్ వాళ్ళకి పంచేద్దాం. సంఘం లేదు, గింఘం లేదు. సాయంత్రం ఓట్లు పెట్టు."

తలలన్నీ ఊగాయి.

కార్యదర్శి లేచి నిలబడింది. "పోయిన సోమవారం నూనె వేసిందెవరు? నిజం చెప్పండి."

అందరూ సూదుల్లోకి దారం ఎక్కించడంలో పడ్డారు.

"నేనూ వెయ్యలేదు," అంది ఆమె. "ఏ సోమవారమూ వెయ్యలేదు."



"హమ్మయ్య. నేనొక్కదాన్నే దొంగననుకున్నా అక్కా," అంది గుండీలు కుట్టే ఆమె. నవ్వు గదంతా పాకింది.

కార్యదర్శి నూనె డబ్బా అందుకుంది. "సోమవారం దాకా ఆగొద్దు. ఇప్పుడే మారదాం. ఇకనుంచి దిగేవాళ్ళు కాదు, ఎక్కేవాళ్ళే నూనె వేసుకోవాలి."

వారమంతా తాము కూర్చోబోయే మిషన్ కదా, సందుసందునా వెతికి మరీ వేశారు. బిగుసుకున్నవి మూలిగాయి, కదిలాయి, గడగడలాడాయి. సాయంత్రం ఓట్ల మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ ఉపాయం తాతది. మర్నాడే అతన్ని పిలుచుకురావడానికి వెళ్ళింది కార్యదర్శి. అతను అద్దెకుండే గదికి తాళం.

"పని పోయాక ఇక్కడేం చేస్తానని ఊరొదిలి వెళ్ళిపోయారమ్మా. ఎక్కడికో చెప్పలేదు," అంది ఇంటావిడ. "ఎప్పుడూ మీ సంఘం ధ్యాసే. ఈ వయసులో ఊడ్చే పనేమిటండీ అంటే, వాళ్ళు నిలబడాలి, లేకపోతే నేను పోగొట్టుకున్నదంతా దండగైపోతుంది అనేవారు."

"ఏం పోగొట్టుకున్నాడు?"

ఇంటావిడ ఆమెను వింతగా చూసింది.

"ముప్పైయేళ్ళ కిందట సమ్మె చేసి కూలీలు లాక్కున్న ఆ పన్నెండు మిషన్ల యజమాని ఆయనే కదమ్మా."