మనిద్దరమే

"హలో అండీ, నేనండీ... ఛీ, ఇలా కాదు. మళ్లీ!"

ఫోన్ చేసే ముందు చెల్లెలు అద్దం ముందు పడే అవస్థంతా అక్క అచ్చుగుద్దినట్టు చేసి చూపించింది. హాల్లో చుట్టాలు పడీపడీ నవ్వారు.

"మన మూగనోము వెనక ఇంత కథుందా!" అంది అత్త, కళ్లు తుడుచుకుంటూ.

చెల్లెలూ నవ్వింది. నవ్వకపోతే పొగరంటారు. ఆ అద్దం సంగతి తను ఒక్క అక్కకే చెప్పుకుంది.

తిరుగుదారిలో కారు నడుపుతూ అక్క మురిసిపోయింది. "నువ్వా నోరు విప్పవు. నేనైనా నిన్ను నలుగురిలో కలపొద్దూ? ఇవాళ అందరికీ ఎంత ముద్దొచ్చావో!"

చెల్లెలు కిటికీ వైపు తిరిగింది.

"ఏమే, నాతో కూడా మౌనమేనా? ఇక్కడెవరున్నారని? మనిద్దరమేగా, చెప్పు."

"ఆ రోజూ మనిద్దరమే అనుకునే చెప్పానక్కా."