ఆదెమ్మ బైట్

"ముందు ఏడ్వాల్నా మేడం, ముందు చెప్పాల్నా?" అని అడిగింది ఆదెమ్మ.

"ఏడ్వొద్దమ్మా. నేనిప్పుడు టీవీల లేను. నవల రాస్తున్న," అంది ఆరాధన.

"నవల అంటే ఏంది?"

"పెద్ద కథ."

"అయితే కెమెరా రాలేదా?" ఆదెమ్మ కాస్త నిరాశగా కొంగు సర్దుకుంది. పక్కన ఒకామె తలొంచుకుని చింతపండులో గింజలు తీస్తోంది.

మూడేళ్ల క్రితం వానాకాలంలో సారపాక దాటి ఈ అడవి పల్లెకు ఆరాధన చానల్ బండిలో ఆదరాబాదరాగా వచ్చింది. వాగులో పవన్ అనే కుర్రాడు కొట్టుకుపోయాడు. లైవ్‌కు టైమైపోతోంది. "తల్లి బైట్ కావాలె, కెమెరా ముందు రెండు మాటలు చాలు, జల్దీ!" అని అరిస్తే జనం ఆదెమ్మను ముందుకు తోశారు. "పిలగాడు సద్ది తిని పోయిండు, మల్ల రాలె," అందామె. ఆ ఒక్క ముక్కకు ఊరూవాడా కంటతడి పెట్టింది.

అంత దుఃఖం అర నిమిషంలో పట్టదని ఆరాధనకు అనిపించింది. ఉద్యోగం మానేసి నవల రాయడానికి కూర్చుంది. రాసిందంతా చదివిన ప్రచురణకర్త, "అన్నీ ఉన్నాయమ్మా, తల్లిలోనే ప్రాణం లేదు. అది వస్తేనే వేస్తాను," అని తేల్చేశాడు. అందుకే మళ్లీ ఈ పల్లెకు రావాల్సి వచ్చింది.

"మనిద్దరమే మాట్లాడుకుందాం. ఆమెను కొంచెం పక్కకు జరగమనమ్మా." ఫ్రేములో ఇంకో మనిషి కనబడితే ఆరాధనకు ఇప్పటికీ చిరాకే.

"ఉండనియ్ మేడం. ఎవలొచ్చి అడిగినా అక్క గిట్లనే కూసుంటది."

ఆదెమ్మ మొదలుపెట్టింది. పిలగాడికి చేపల పులుసు ఇష్టం, నీళ్లంటే బెదురు లేదు, ఎవరు పిలిచినా పనికి పోయేవాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్లొత్తుకోవాలో ఆమెకు బాగా అలవాటైపోయింది. ఆరాధన ప్రాణం ఉసూరుమంది. ఇదంతా టీవీలో వచ్చిందే.

"ఇవి కాదమ్మా. పొద్దున లేవంగనే, వాడు లేడని యాదికొస్తే నీ లోపల ఎట్లుంటది? అది చెప్పు."

ఆదెమ్మ తడబడింది. పక్కామె వైపు తిరిగి కోయ భాషలో ఏదో అడిగింది. ఆమె చేతులు ఆగాయి. తల ఎత్తకుండానే చాలాసేపు, మెల్లగా ఏదో చెప్పింది. ఆరాధనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

"నేను అడిగింది నిన్నమ్మా, ఆమెను కాదు!"

"లోపటిది నాకేమెరుక మేడం?" అంటూ ఆదెమ్మ పక్కామె భుజం మీద చెయ్యి వేసింది.

"కొడుకు పోయింది ఈ అక్కకు, అక్కకు తెలుగు రాదు."