నడవలో అడ్డం

హాలు కిటికీలో ఇంటర్నెట్ డబ్బా, పడగ్గదిలో గేమ్ మెషీన్. ఆ రెంటికీ మధ్య సన్నటి నడవ. అందులో ఎవరైనా నిలబడితే చాలు, ఆట నత్తనడక నడిచేది. అలా అయినప్పుడల్లా అతను వెనక్కి తిరక్కుండానే భార్యను బతిమాలడం, ఆమె విసుక్కుంటూ తప్పుకోవడం ఆ ఇంట్లో రోజూ ఉండే భాగోతమే.

ఆ రాత్రి ఆమె పుట్టింట్లో ఉంది. వీధి తలుపు గడియ పెట్టుకుని, అక్కడే ఉన్న బావమరిదితో నెట్‌లో ఆటకు కూర్చున్నాడు అతను.

"బావా, కాల్చు! గుడ్లప్పగించి చూస్తావేంటి?" హెడ్‌ఫోన్‌లో బావమరిది అరిచాడు.

"కదిలి చస్తేగా! డబ్బా ఆపి మళ్ళీ పెట్టానురా. అయినా అంతే."

విసుగులో, అలవాటు కొద్దీ నోరు జారాడు. "కాస్త పక్కకి జరుగు తల్లీ, నీకు పుణ్యముంటుంది."

ఆట చకచకా పరుగెత్తింది.

"హమ్మయ్య! ఎవర్ని జరగమన్నావ్ బావా? అక్క ఇక్కడ నిద్రపోతోందిగా."

అతను ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ పక్కకి జరిపాడు. వెనక నడవలో చిన్న చప్పుడైనా లేదు. అంతలో బావమరిది నవ్వు మధ్యలోనే తెగిపోయింది. తెర మీద ఆట మళ్ళీ బిగుసుకుపోయింది.

ఈసారి జరగమనడానికి అతనికి నోరు రాలేదు.