దండ వేసిన ఫోటో

తన సన్మానానికి శాలువా లేకపోయినా ఫరవాలేదు, తన పాత ఫోటో వేదిక మీద పెట్టమని తొలితరం నాటక, సినీ నటుడు జోగయ్యగారు కోరారు. రాయపూర్ తెలుగు సంఘం కార్యదర్శి మహా శ్రద్ధాళువు. ఫోటోలోని పట్టుచీర ఆవిడకు దండ వేసి, దీపం వెలిగించి, సభ చేత మౌనం కూడా పాటింపజేశాడు.

"స్వర్గస్థులైన మీ శ్రీమతిగారు ఎంత కళగా ఉన్నారండీ!"

ముందు వరసలోంచి జోగయ్యగారి భార్య అన్నమ్మ లేచింది. "అరె, నేను జిందాగానే ఉన్నాను బాబూ! ఆ చీర కట్టింది ఈయనే, నాటకంలో!"

కార్యదర్శి గాభరాగా దండ తీయబోయాడు.

"ఉంచు నాయనా," జోగయ్యగారు అతని చెయ్యి పట్టుకున్నారు. "ఆడవేషం కట్టినా మగమొహం దాగదని సినిమావాళ్ళు జీవితమంతా నాకు భటుడి వేషాలే ఇచ్చారు. నువ్వు ఇంత దగ్గర్నుంచి చూసి దీపం పెట్టావు."